కృపకు లోబడేదెప్పుడు?

అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక ఓడ సాగిపోతోంది. ఆ రోజు ఆదివారం. కెప్టెన్ తన నావికులందరినీ సమకూర్చి ఆరాధన జరిపిస్తున్నాడు. సరిగ్గా వాళ్ల కాళ్ల కింద, ఓడ అడుగున, గాలీ వెలుతురూ సరిగా లేని ఇరుకు అరల్లో ఆఫ్రికా నుండి కొని తీసుకెళ్తున్న స్త్రీ పురుషులున్నారు. పురుషుల కాళ్లకు సంకెళ్లున్నాయి. పైన ప్రార్థన, కింద మూలుగులు! ఆ కెప్టెన్ పేరు జాన్ న్యూటన్. లోకమంతటా క్రైస్తవులు పాడుకునే 'అమేజింగ్ గ్రేస్' పాట రాసింది ఆయనే.

న్యూటన్ సాక్ష్యం మనలో చాలామంది ప్రసంగాల్లో విన్నదే. భక్తిలేని ఒక నావికుడు, 1748 మార్చిలో పెనుతుపాను, మునిగిపోతున్న ఓడలోంచి దేవునికి మొర, అద్భుతమైన విడుదల, ఆ తర్వాత పాట. కాని తుపానుకూ పాటకూ మధ్యనున్న సంవత్సరాల గురించి మనం అంతగా వినం. తుపాను నుండి బయటపడిన న్యూటన్ బానిసల వ్యాపారం మానలేదు. పైగా 1750 నుండి 1754 వరకు కెప్టెన్‌గా మూడుసార్లు బానిసల ఓడ నడిపాడు. బైబిలు చదువుతూ, ఉపవాసముంటూ, ప్రార్థిస్తూనే నడిపాడు! చివరికి సముద్రం విడిచిపెట్టింది కూడా మనస్సాక్షి గద్దించినందుకు కాదు, జబ్బు చేసినందుకు. ఆ రోజుల్లో తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. 1764లో ఓల్నీ అనే ఊళ్లో పాస్టరయ్యాడు. 1773 జనవరి 1న జరిగిన ఆరాధన కోసం ఆ పాట రాశాడు. బానిసల వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం రాసింది మాత్రం 1788లో. అంటే తుపాను వచ్చిన 40 ఏళ్లకు!

అవిధేయత అనగానే మనకు ఏదెను తోట, తినవద్దన్న పండు గుర్తొస్తాయి. అది తెలిసి చేసిన తిరుగుబాటు. కాని అంతకన్నా మొండి అవిధేయత ఇంకొకటుంది. అది అందరూ చేసేది, చట్టం ఒప్పుకునేది, ఆదాయం తెచ్చిపెట్టేది. అందుకే అది పాపంలా కనిపించదు. న్యూటన్ కాలంలో బానిసల వ్యాపారం అలాంటిదే. ఆ వ్యాపారంలో ఉన్నవాణ్ణి లోకం నేరస్తుడనలేదు, మర్యాదస్తుడంది.

అపొస్తలుడైన పేతురు కూడా ఇక్కడే తడబడ్డాడు. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకి, ఆయన క్షమాపణ పొందినవాడు పేతురు. ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని యొప్పేలో దర్శనం చూసి, కొర్నేలీ ఇంట్లో అడుగుపెట్టినవాడు. అంతటివాడు అంతియొకయలో యెరూషలేము నుండి కొందరు రాగానే, వాళ్లేమనుకుంటారోనని భయపడి, అన్యజనులతో కలిసి తినడం మానేసి పక్కకు జరిగాడు (గలతీ 2:11-14). పేతురు సిద్ధాంతం మారలేదు, భోజనం బల్ల మారిందంతే. కాని సువార్త సత్యమే వంకరపోయిందంటూ పౌలు అందరి ఎదుటా ఆయన్ను నిలదీశాడు.

తీతుకు రాసిన పత్రికలో పౌలు దేవుని కృపను ఒక బోధకునిగా చూపిస్తాడు (2:11,12). రక్షించే ఆ కృపే భక్తిహీనతను విడిచిపెట్టి నీతితో బతకడం మనకు నేర్పుతుంది. కృప కేవలం పాత బాకీ కొట్టేసే రసీదు కాదు. మన ఇంట్లోకొచ్చి, ఒక్కొక్క గది తలుపూ తెరిపించే గురువు. మనం ముందు గది తెరిచి కూర్చోబెడతాం. ఆయన చూపు మాత్రం తాళం వేసిన గది మీదే ఉంటుంది.

జక్కయ్య ఇంట్లో జరిగిందదే. యేసు ఆ ఇంట బసచేసిన రోజునే జక్కయ్య లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). జక్కయ్యకు ఒక్క పూట పట్టింది. న్యూటన్‌కు నలభై ఏళ్లు పట్టింది. ఇద్దరిదీ ఒకే కృప. ఇద్దరినీ దేవుడు ఓర్చుకున్నాడు. కాని ఒక్క మాట మరచిపోకూడదు. మన అవిధేయతను దేవుడు సహిస్తున్నంత కాలం ఆ ఆలస్యం మనకు కృపే, కాని దాని మూల్యం చెల్లించేది మాత్రం ఇంకొకరు. న్యూటన్ నేర్చుకోవడం ఆలస్యమైంది, సంకెళ్లు మోసింది ఓడ అడుగునున్నవాళ్లు!

మన ఓడ అడుగున ఎవరున్నారు? కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా ముందు రోజు రాత్రి లెక్క తేల్చుకుని, మర్నాడు ఉదయం చర్చిలో వాక్యంతో, ప్రార్థనతో జరిపించే పెళ్లిళ్లు మనకు తెలియనివా? పాస్టరుగారు ఆశీర్వదిస్తుంటే వెనక వరుసలో కూర్చున్న ఆడపిల్ల తండ్రి అప్పు వడ్డీ లెక్కేసుకుంటున్నాడు. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలోంచి పుచ్చుకున్నవాళ్లం, సంబంధం మాట్లాడేటప్పుడు కులం ఆరా తీయడం లేదా? మన ఇంట్లో పనిచేసే మనిషి ఆదివారం గుడికి వెళ్లడానికి సెలవు అడిగితే ముఖం చిట్లించి, మనం మాత్రం పెందలాడే వెళ్లి ముందు వరుసలో కూర్చోవడం లేదా? ఇవేవీ మనకు పాపాల్లా కనిపించవు, ఎందుకంటే అందరూ చేస్తున్నవే. కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉందామా (రోమా 6:1) అన్న పౌలు ప్రశ్న తాగుబోతును అడిగింది మాత్రమే కాదు, ఆరాధనకు క్రమం తప్పని మనల్ని కూడా అడిగింది.

న్యూటన్ ఆలస్యంగానైనా లోబడ్డాడు. తన ఒప్పుకోలు మరీ ఆలస్యమైందని బాధపడుతూనే, తాను కళ్లారా చూసిన, స్వయంగా చేసిన క్రూరత్వాన్ని దాచకుండా రాశాడు. రాజకీయాలు వదిలేయాలనుకుంటూ 1785లో సలహాకు వచ్చిన యువ ఎంపీ విల్బర్‌ఫోర్స్‌ను, నీ స్థానం పార్లమెంటులోనేనని నిలబెట్టాడు. ఆ విల్బర్‌ఫోర్స్ ఏళ్ల తరబడి పోరాడగా 1807 మార్చిలో బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటిష్ చట్టం వచ్చింది. దాన్ని చూసి, అదే ఏడు డిసెంబరులో 82 ఏళ్ల న్యూటన్ ప్రభువునందు నిద్రించాడు.

కృప గురించిన పాట మనమందరం పాడగలం. పాడాలి కూడా. కాని పాట ముగిశాక ఒక్క నిమిషం మౌనంగా ఉండి, మన కాళ్ల కిందినుంచి ఎవరి మూలుగైనా వినిపిస్తోందేమో చెవిపెట్టి వినాలి. వినిపిస్తే, నలభై ఏళ్లు ఆగకూడదు. జక్కయ్యలా ఈ పూటే లేచి నిలబడాలి.