పెన్‌డ్రైవ్ లేని పది నిమిషాలు

ఈసారి మన వార్షికోత్సవంలో ఒక్క అంశమైనా పెన్‌డ్రైవ్ లేకుండా జరగాలని నా అభిప్రాయం. ఇది నాకు ఒక చిన్న కచేరీ చిత్రం చూశాక కలిగింది.

స్నార్కీ పప్పీ అనే బృందాన్ని అమెరికాలోని టెక్సాస్‌లో, డెంటన్ ఊరి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడు మైఖేల్ లీగ్ మొదలుపెట్టాడు. వాళ్ళది జాజ్, ఫంక్ కలిసిన సంగీతం. జాజ్ అంటే మన కచేరీల్లో మనోధర్మం లాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం. ఫంక్ అంటే కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా కదిలించే లయ. 2013 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఒక స్టూడియోలో, ప్రేక్షకులను దగ్గరే కూర్చోబెట్టి, వాళ్ళకు హెడ్‌ఫోన్లు ఇచ్చి, వాయిస్తూనే చిత్రీకరించుకున్నారు. అందులో ‘లింగస్’ అనేది పది నిమిషాల పైచిలుకు ఉంటుంది. మాటలు లేవు.

మధ్యలో కోరీ హెన్రీ కీబోర్డు అందుకుంటాడు. అందరూ అతని వేళ్ళు చూస్తారు. మీరు మాత్రం పక్కవాళ్ళ ముఖాలు చూడండి! అతను ఎటు వెళ్తాడో వాళ్ళకూ తెలియదు. ఆశ్చర్యపోతారు, నవ్వేస్తారు, అయినా లయ మాత్రం వదలరు. ఒకరినొకరు వినడం అంటే ఏమిటో కంటికి కనబడుతుంది.

ఇది మనకు పరాయి విద్య కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్‌ను కర్ణాటక కచేరీలోకి తెచ్చారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. అంతదాకా ఎందుకు? సూరత్‌లో మన తెలుగు ఆడవాళ్ళు బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. పాడే పెద్దమ్మకు ఆయాసం వస్తే చప్పట్లూ నెమ్మదిస్తాయి. స్పీకర్లో పెట్టిన పాట ఎవరి కోసమూ ఆగదు.

తప్పులు దొర్లుతాయి, ముఖ్య అతిథి ముందు పరువు పోతుంది అంటారు. మరి నిరుడు పాట సగంలో ఆగిపోయినప్పుడు ఏమైంది? ఎనిమిది మంది చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయారు. చేతిలో ఒక ఢోలక్ ఉన్నా గట్టెక్కేవాళ్ళం. పెన్‌డ్రైవ్‌తో నాట్యం వద్దని నేననడం లేదు. పల్లవి నుంచి ముగింపు దాకా ముందే తెలిసిన దానికి చేతులు ఊపడం ఒక్కటే మన సంగీతం కాకూడదంటున్నాను.

కడోదరాలో మరమగ్గాల చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు లయ కొత్తగా నేర్పాలా? ఉదయం ప్రార్థనకు వాడే హార్మోనియం, తబలా, ఢోలక్ ఉన్నాయి. మిగతా రోజంతా అవి బీరువా పక్కన గుడ్డ కప్పుకుని ఉంటాయి. గుజరాతీ, ఒడియా, తెలుగు పిల్లలం ఒక అయిదారుగురం చాలు. ఒక గర్బా వరుస తీసుకుని, మధ్యలో ఒక్కొక్కరం మనకు తోచింది వాయిద్దాం. శనివారం ఆఖరి పీరియడ్, ఆ గది తాళం ఇప్పిస్తే సాధన మొదలుపెడతాం.