అతిసార వ్యాధులు: క్రిములు అనేకం, దారి ఒక్కటే

వర్షాకాలం ప్రవేశించడంతోనే గ్రామీణ ప్రాంతాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, పట్టణాల్లోని మురికివాడలకు చేరువగా ఉన్న ఆసుపత్రుల్లోనూ వాంతులు, విరేచనాలతో వచ్చే రోగుల సంఖ్య పెరుగుతుంది. దీన్ని ఏటా వచ్చి పోయే మామూలు బాధగా భావించేవారు నేటికీ ఉన్నారు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అతిసార కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 4.4 లక్షల మంది అయిదేళ్ల లోపు పిల్లలు మరణిస్తున్నారు. నివారణ మార్గం తెలిసి, చికిత్స చౌకగా అందుబాటులో ఉన్న ఒక వ్యాధి ఇంతమందిని బలిగొనడమే ఆలోచించవలసిన విషయం.

వైరస్‌లు, బాక్టీరియా: తేడా ఎక్కడ?

జీర్ణకోశానికి సోకే క్రిములు ప్రధానంగా రెండు తరగతులవి. వైరస్‌లలో రోటా వైరస్, నోరో వైరస్, ఆస్ట్రో వైరస్, కొన్ని రకాల అడినో వైరస్‌లు ముఖ్యమైనవి. బాక్టీరియాలో కలరా కారకమైన విబ్రియో కలరే, రక్త విరేచనాలకు కారణమయ్యే షిగెల్లా, ఇ.కోలిలోని కొన్ని రకాలు, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ప్రధానమైనవి.

ఇవి శరీరంలో పనిచేసే తీరు ఒక్కటి కాదు. రోటా వైరస్ చిన్నప్రేగు లోపలి పొరలోని కణాలను దెబ్బతీస్తుంది. దాంతో ప్రేగు నీటిని, పోషకాలను పీల్చుకునే శక్తిని కోల్పోతుంది. కలరా క్రిమి ప్రేగు కణాలను నాశనం చేయదు. అది విడుదల చేసే విష పదార్థం ప్రభావంతో శరీరంలోని నీరు, లవణాలు ప్రేగులోకి ఏకధాటిగా వచ్చి చేరతాయి. చికిత్స అందని పక్షంలో రోగి కొన్ని గంటల్లోనే ప్రాణాపాయ స్థితికి చేరుకుంటాడు. ఈ విష పదార్థాన్ని 1959లో కలకత్తాలో పరిశోధనలు జరిపిన డాక్టర్ శంభునాథ్ డే ప్రయోగపూర్వకంగా నిరూపించారు. షిగెల్లా ఇందుకు భిన్నంగా పెద్దప్రేగు గోడలోకి చొచ్చుకుపోయి పుండ్లు చేస్తుంది. అందువల్లనే మలంలో రక్తం, జిగట కనిపిస్తాయి.

వ్యాపించే తీరులోనూ తేడా ఉంది. కలరా సోకడానికి సాధారణంగా లక్షల సంఖ్యలో క్రిములు కడుపులోకి చేరాలి. అందుకే అది ఎక్కువగా కలుషిత నీటి ద్వారా ఊరంతటికీ ఒక్కసారిగా వ్యాపిస్తుంది. షిగెల్లా, నోరో వైరస్‌ల విషయంలో అతి స్వల్ప సంఖ్యలో క్రిములు చేరినా చాలు. అందువల్ల అవి శుభ్రం చేసుకోని చేతుల ద్వారా ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి సోకుతాయి. అయితే క్రిమి ఏదైనా అది మలం నుంచి బయలుదేరి మనిషి నోటికి చేరుతుంది. నీరు, ఆహారం, చేతులు, ఈగలు ఆ దారిలోని మజిలీలు మాత్రమే.

గొట్టంలో పొంచి ఉన్న ముప్పు

తెలుగు ప్రాంతాల అనుభవం ఈ విషయాన్నే స్పష్టం చేస్తోంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరు నగరంలోనూ, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసార ప్రబలి ప్రాణనష్టం సంభవించింది. ఒకటి మహానగరం, మరొకటి జిల్లా కేంద్రం, ఇంకొకటి మండల కేంద్రం. మూడు చోట్లా అందరి దృష్టి మళ్లినది తాగునీటి కాలుష్యంపైకే.

చాలాచోట్ల తాగునీరు రోజులో కొద్ది గంటలు మాత్రమే సరఫరా అవుతుంది. సరఫరా నిలిచిన సమయంలో గొట్టాల్లో పీడనం పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, గొట్టానికి చిన్న పగులు ఉన్నా చాలు, మురుగు నీరు లోపలికి చేరుతుంది. మళ్లీ నీరు వదిలినప్పుడు అదే ఇంటింటికీ చేరుతుంది. శుద్ధి కేంద్రంలో నీరు ఎంత స్వచ్ఛంగా ఉన్నా కుళాయి వద్ద కలుషితం కావడానికి ప్రధాన కారణాల్లో ఇది ఒకటి.

అందుకే నీటి ట్యాంకులో క్లోరిన్ కలపడంతో బాధ్యత తీరిపోదు. చివరి కుళాయి వద్ద కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారతీయ ప్రమాణం. ఈ పరీక్ష నిమిషాల్లో పూర్తవుతుంది. దాన్ని క్రమం తప్పకుండా చేయడం, ఫలితాన్ని నమోదు చేయడం, లోపం కనిపిస్తే గొట్టాన్ని వెంటనే బాగుచేయడం స్థానిక సంస్థలకు కీలకమైన పనులు. 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ ప్రారంభమైనప్పుడు దేశంలో 3.23 కోట్ల గ్రామీణ గృహాలకే కుళాయి కనెక్షన్లు ఉండగా, 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఇది గొప్ప ముందడుగు. అయితే కుళాయిల సంఖ్య పెరిగిన కొద్దీ నీటి నాణ్యతపై నిఘా కూడా అంతే పెరగాలి. లేనిపక్షంలో ఊరికి మేలు చేయవలసిన గొట్టమే ఊరంతటికీ వ్యాధిని చేరవేస్తుంది.

టీకా ఇచ్చిన భరోసా, దాని పరిమితి

పిల్లల్లో తీవ్రమైన అతిసారకు ప్రధాన కారణమైన రోటా వైరస్‌పై పోరులో మన దేశం సొంతంగా ఒక ఆయుధాన్ని సాధించుకుంది. 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల నుంచి గుర్తించిన వైరస్ రకం ఆధారంగా, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో సుమారు 6,800 మంది శిశువులపై జరిపిన పరీక్షల్లో, ఇది తొలి ఏడాదిలో తీవ్రమైన రోటా వైరస్ అతిసారను సగానికి పైగా తగ్గించినట్లు తేలింది. 2016లో జాతీయ టీకా కార్యక్రమంలో రోటా వైరస్ టీకాను ప్రవేశపెట్టినప్పుడు తొలి విడతలోని నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో శిశువులకు ప్రభుత్వ కేంద్రాల్లో దీన్ని ఉచితంగా నోటి ద్వారా ఇస్తారు.

అయితే ఈ టీకా ఒక్క రోటా వైరస్‌కే పరిమితం. షిగెల్లాను గాని, ఇ.కోలిని గాని, నోరో వైరస్‌ను గాని ఇది అడ్డుకోలేదు. టీకా వేయించాం గనుక ఇక విరేచనాలు రావన్న అపోహ తల్లిదండ్రులకు ఉండరాదు. సురక్షిత నీరు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుక్కోవడం టీకాతో పాటు సాగవలసినవి. నోరో వైరస్‌పై ఆల్కహాల్ శానిటైజర్ల ప్రభావం తక్కువ గనుక సబ్బు, నీరే శ్రేయస్కరం.

ప్రాణం నిలిపే పొట్లం

అతిసారలో సాధారణంగా ప్రాణం తీసేది శరీరం నుంచి నీరు, లవణాలు వెళ్లిపోవడం. ప్రేగు ఎంత దెబ్బతిన్నా గ్లూకోజు, ఉప్పు సరైన పాళ్లలో కలిసి వస్తే వాటితో పాటు నీటిని పీల్చుకోగలుగుతుంది. ఓ.ఆర్.ఎస్. ద్రావణానికి ఇదే ఆధారం. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించి, సిరల ద్వారా ఎక్కించే సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపించి కుటుంబ సభ్యుల చేతనే రోగులకు తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాల రేటు 4 శాతం లోపునకు దిగివచ్చింది. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ పేరును వాడుకుని మార్కెట్లో చలామణీ అయిన తీపి పానీయాలు ఇటీవలి వివాదానికి కారణమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే ఉండాలి. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ప్రేగులోకి మరింత నీటిని లాగి విరేచనాలను ఎక్కువ చేస్తాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి సాగించిన కృషి నేపథ్యంలో, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇటువంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న పదం వాడకూడదని ఆదేశించింది. పేరును చూసి కాక, పొట్లంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ముద్రించి ఉందో లేదో చూసి కొనడం మేలు.

ఇంట్లో పాటించవలసినవి

విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిపై సూచించినంత శుభ్రమైన నీటిలో పూర్తిగా కలపాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్ల చొప్పున చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటల తరువాత పారబోయాలి. దీనితో పాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకును, విరేచనాలు తగ్గినా సరే, 14 రోజుల పాటు ఇవ్వాలి.

లంఖణం పరమౌషధమన్న నానుడి అతిసార సోకిన పసిబిడ్డలకు వర్తించదు. తల్లిపాలు ఆపరాదు. గంజి, మజ్జిగ, మెత్తని అన్నం వంటి తేలికైన ఆహారం కొనసాగించాలి. వైరస్‌ల వల్ల వచ్చే విరేచనాలకు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. వైద్యుల సలహా లేకుండా వాడితే క్రిములు మందులకు లొంగని స్థితికి చేరతాయి. మలంలో రక్తం, కళ్లు గుంటలు పడటం, మగత, ఏమీ తాగలేకపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి.

ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు మొదలైతే ఆ సమాచారం ఆ రోజే ఆశా కార్యకర్తకు లేదా ఎ.ఎన్.ఎం.కు అందాలి. నీటి నమూనా తీయడానికి, సరఫరా నిలిపి ట్యాంకర్ల ద్వారా సురక్షిత నీరు అందించడానికి ఆ ఒక్క రోజే నిర్ణాయకం. గొట్టాన్ని కాపాడవలసింది పాలనా యంత్రాంగం. తొలి గుక్కెడు ద్రావణం తాగించవలసింది కుటుంబం. ఈ రెంటిలో ఏ ఒక్కటి తప్పినా మూల్యం చెల్లించేది పసిబిడ్డ.