గూగుల్ పెట్టెలో మలికిపురం

ఊరి పేరు టైపు చేసి మీట నొక్కడమే ఆలస్యం... ఓ చిన్న పెట్టె ప్రత్యక్షం! పటం, ఫొటో, రెండు ముక్కల పరిచయం, ఆ పూట వాతావరణం... మలికిపురమైనా మాంచెస్టరైనా సెర్చ్ ఇంజిన్‌కి ఒకటే లెక్క. కంప్యూటర్‌లో అయితే కుడిపక్కన, సెల్‌ఫోన్‌లో అయితే అన్నిటికన్నా పైన కనిపించే ఆ పెట్టె దగ్గరే చాలామంది ఆగిపోతారు. కింద బారులు తీరిన వెబ్‌సైట్ల జోలికి పోరు. కావలసింది దొరికాక ఇంకా కిందికి దిగే పనేముంది?

అసలు చిక్కంతా అక్కడే. ఆ పెట్టెలో ఉన్నది సెర్చ్ ఇంజిన్ సొంత సొమ్ము కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని రాసిపెట్టినది. రాసింది ఎవరో చూసేవారికి తెలియదు. ఎందరు చూశారో రాసినవారికి తెలియదు. మధ్యలో పెట్టె మాత్రం రోజురోజుకీ పెద్దదవుతోంది.

ఉత్తరం కాదు... ఫారం!

ఒకప్పుడు సెర్చ్ ఇంజిన్‌కి తెలిసింది అక్షరాలే. ఫలానా మాట ఏయే పేజీల్లో ఉందో వెతికి జాబితా ఇచ్చేది. చదువుకోవడం, తేల్చుకోవడం చూసేవాళ్ల పని. 2012 మే నెలలో గూగుల్ ఈ పద్ధతి మార్చింది. ‘నాలెడ్జ్ గ్రాఫ్’ పేరుతో మనుషులు, ఊళ్లు, సినిమాలు, నదులు... ఇలా 50 కోట్ల అంశాల గురించి 350 కోట్లకు పైగా వాస్తవాలను ఒకదానితో ఒకటి ముడివేసి పెట్టుకున్నట్లు అప్పట్లో ప్రకటించింది. ఇందులో చాలా భాగం వికీపీడియా నుంచి, 2010లో గూగుల్ చేతికొచ్చిన ఫ్రీబేస్ అనే సమాచార నిధి నుంచి, మరికొన్ని బహిరంగ వనరుల నుంచి వచ్చిందే. 2012 అక్టోబరులో మొదలైన వికీడేటా కూడా ఇలాంటి నిధే. దానిని నింపేది ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు.

యంత్రానికి వాస్తవం ఎలా అర్థమవుతుంది? చుట్టాలకు రాసిన ఉత్తరంలోనూ ఊరి పేరుంటుంది, రైలు రిజర్వేషన్ ఫారంలోనూ ఉంటుంది. ఉత్తరం మనిషి కోసం. ఫారంలో మాత్రం పేరు గడిలో పేరే ఉంటుంది, వయసు గడిలో వయసే ఉంటుంది. యంత్రానికి ఫారమే సులువు. అందుకే 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి ‘స్కీమా డాట్ ఆర్గ్’ అనే ఉమ్మడి ఫారం తయారుచేశాయి. ఇది హోటలు, ఇది దాని చిరునామా, ఇది ఫోను, ఇవి తెరిచే వేళలు అని వెబ్‌సైట్ తెరవెనుక గుర్తులు పెట్టుకోవచ్చు. చూసేవారికి ఆ గుర్తులు కనబడవు. సెర్చ్ ఇంజిన్ మాత్రం గడుల్లోంచి తీసుకున్నట్లు తీసుకుంటుంది.

దిండి ఒకటి కాదు... రెండు!

గడులు నింపడం అంత తేలికేం కాదు. కోనసీమవాసికి దిండి అంటే మలికిపురం మండలంలోని ఊరు. వశిష్ఠ గోదావరి, హౌస్‌బోట్లు, చించినాడ వంతెన గుర్తొస్తాయి. అదే నల్గొండ జిల్లావాసికి దిండి అంటే ప్రాజెక్టు, కృష్ణలో కలిసే ఉపనది, ఓ మండలం. అక్షరాలు ఒకటే, ఊళ్లు రెండు. మలికిపురం సంగతి దీనికి తలకిందులు. కొందరు మలికిపురం అంటారు, కొందరు మల్కిపురం అని రాస్తారు. అక్షరాలు రెండు, ఊరు ఒకటే. ఊళ్లో మనిషికి ఇందులో తికమకేం లేదు. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి.

జిల్లా మారినప్పుడు ఈ తిప్పలు ఇంకాస్త పెరిగాయి. 1925లో గోదావరి జిల్లా పేరు తూర్పుగోదావరిగా మారినప్పటి నుంచి మలికిపురం ఆ జిల్లాలోనే ఉంది. 97 ఏళ్ల తర్వాత, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మలికిపురం కోనసీమ జిల్లాలోకి వచ్చింది. అదే ఏడాది ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో జిల్లా మార్చగలదు. కానీ ఇంటర్నెట్‌లో ఆ ఉత్తర్వు దానంతటదే అమలు కాదు. ఊరికి మండలం, మండలానికి డివిజను, డివిజనుకు జిల్లా... ఇలా గొలుసుగా ముడిపడిన వివరాల్లో ప్రతి లంకెనూ ఎవరో కూర్చుని సరిచేయాలి. సరిచేయని పేజీల్లో ఇంకా పాత జిల్లానే రాజ్యమేలుతుంటుంది. దూరాన ఉన్న కుర్రాడు ఆ పేజీ చూసి దరఖాస్తులో పాత జిల్లా రాస్తే ఆ తప్పు ఎవరి ఖాతాలో వేయాలి?

రాసినవాడికి మిగిలేదేమిటి?

వెబ్‌సైట్ల గోడు ఇంకొకటి. అమెరికాలో ‘సెలెబ్రిటీ నెట్ వర్త్’ అనే సైట్ ప్రముఖుల ఆస్తుల లెక్కలు కట్టి ప్రచురిస్తుంది. ఆ లెక్కలు తమకిమ్మని గూగుల్ అడిగితే సైట్ యజమాని ఒప్పుకోలేదు. అయినా 2016 నాటికి ఆ అంకెలు నేరుగా గూగుల్ జవాబు పెట్టెల్లో కనిపించసాగాయి. ఏడాది తిరిగేసరికి సైట్‌కి వచ్చేవాళ్లు 65 శాతం తగ్గారని ఆయన వాపోయారు.

పాటల సాహిత్యం పెట్టే ‘జీనియస్’ సైట్ వాళ్లది మరో కథ. తమ పేజీల్లో కొన్ని చిహ్నాలను ఒకచోట వంకరగా, ఇంకోచోట నిటారుగా పెట్టారు. వాటిని మోర్స్ కోడ్‌లో చదివితే ‘రెడ్ హ్యాండెడ్’ అని వస్తుంది. అవే చిహ్నాలు గూగుల్ పెట్టెలోనూ కనబడ్డాయని 2019లో బయటపెట్టారు. సాహిత్యం వేరే సంస్థల నుంచి లైసెన్సు మీద తీసుకుంటున్నామని గూగుల్ జవాబు. కోర్టుకెక్కినా ఆ పాటల కాపీరైటు జీనియస్‌ది కాకపోవడంతో కేసు నిలవలేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ అర్జీని విచారణకు తీసుకోలేదు.

ఇదంతా అమెరికా గొడవ అనుకుంటే పొరపాటే. మలికిపురానికి పక్క మండలంలోనే అంతర్వేది ఉంది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, ఏకాదశినాడు రథోత్సవం. ఏకాదశి ఫలానా తేదీన వచ్చిందన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. పెట్టె ఆ తేదీని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. కానీ సఖినేటిపల్లి రేవు దాటడం ఎలా, బస్సులు ఎక్కడ ఆపుతారు, ముసలివాళ్లతో వెళ్తే ఏ వేళ నయం... ఇవన్నీ ఓపిగ్గా రాసినాయన పేజీకి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. రెండేళ్లు చూసి ఆయన రాయడం మానేస్తే? మూడో ఏడు పెట్టెలో పాత తేదీ కనిపించినా కాదనేవాడుండడు.

తప్పు చెబితే...

పెట్టెలో కనిపించిందల్లా వేదం కాదు. 2021 జూన్‌లో దేశంలో వికారమైన భాష ఏదని అడిగితే గూగుల్ పెట్టె కన్నడం పేరు చూపింది. ఏదో ఒక పేజీలో ఎవరో రాసిన పిచ్చి మాట అది. కర్ణాటక అంతటా నిరసన పెల్లుబికింది. గూగుల్ దాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది.

డబ్బు పోయిన సందర్భాలూ ఉన్నాయి. మహారాష్ట్రలో మోసగాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో కొన్ని బ్యాంకు శాఖల ఫోన్ నంబర్లు మార్చి తమ నంబర్లు పెట్టారని 2018లో బయటపడింది. బ్యాంకనుకుని ఫోన్ చేసినవారు కార్డు వివరాలు చెప్పి మోసపోయారు. ఎవరైనా దిద్దగలగడమే ఈ పద్ధతికి బలం, బలహీనత కూడా. అందుకే బ్యాంకు నంబరు పాసుపుస్తకం మీదో కార్డు వెనకో చూసుకోవాలి తప్ప పెట్టెలో వెతకకూడదు.

కాపలా ఎవరిది?

దిండిలో లాడ్జి ఉన్నా, మలికిపురం సెంటర్లో మందుల దుకాణం ఉన్నా ముందు చేయాల్సిన పని తమ పెట్టెను తాము సొంతం చేసుకోవడం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనే సదుపాయం ఉచితం. సొంతదారు ఎవరో నిర్ధారించుకున్నాక వేళలు, ఫోను, ఫొటోలు దిద్దుకోనిస్తుంది. నెలకోసారైనా అందులో ఎవరైనా చెయ్యి పెట్టారేమో చూసుకోవాలి. వెబ్‌సైట్ ఉంటే పేరు, చిరునామా, ఫోను అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. స్కీమా గుర్తులూ పెట్టుకోవాలి. అయితే అవే సర్వస్వం అనుకోకూడదు. ప్రశ్న-జవాబుల గుర్తులు పెట్టి సెర్చ్‌లో ఎక్కువ చోటు సంపాదించిన సైట్లెన్నో ఉండేవి. 2023 ఆగస్టులో గూగుల్ ఆ సౌకర్యాన్ని ప్రభుత్వ, ఆరోగ్య రంగాల్లోని పేరున్న సైట్లకే పరిమితం చేయడంతో మిగతావాళ్ల కష్టమంతా వృథా అయింది.

పేజీలో కొంత భాగం పెట్టెలోకి పోకూడదనుకుంటే అందుకూ గుర్తులున్నాయి. కానీ తలుపు మరీ బిగిస్తే వచ్చే నలుగురూ రాకపోవచ్చు. అంతకన్నా మేలైన దారి ఒకటుంది. పెట్టెలో పట్టని సంగతులు రాయడం. జనాభా, పిన్‌కోడు, దూరం... ఇవి పెట్టెకు వదిలేయవచ్చు. వరదొస్తే ఏ రోడ్డు ముందు మునుగుతుందో, రేవులో పంటు ఎప్పుడు ఆగుతుందో ఒక్క ముక్కలో ఇమడదు. దానికోసం పేజీ తెరవక తప్పదు.

ఊరి సమాచారం విషయంలో చదువుకున్న పిల్లలు చేయగలిగింది చాలా ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది. అందులో ఊరి పేజీని ఎవరైనా దిద్దవచ్చు. పత్రికో, ప్రభుత్వ పత్రమో ఆధారంగా చూపితే చాలు. గంటసేపు కూర్చుంటే తీరే పని.

2024లో గూగుల్ పెట్టె మరో మెట్టెక్కింది. కృత్రిమ మేధ నాలుగు సైట్లు చదివి తానే పేరాలుగా జవాబు రాసిపెడుతోంది. ఆ ఏడాది ఆగస్టులో మన దేశానికీ వచ్చింది. అది ఎంత తెలివైనదైనా మలికిపురం వచ్చి రేవులో నిలబడి చూసి రాయలేదు. ఊళ్లోవాళ్లు రాసిందే చదవాలి. బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది!