ఎదురుకాళ్ల తాపు

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచేటప్పుడు తెల్లారకముందే బండ్లు బారులు తీరుతాయి. నలభై కిలోలకు అటూఇటూగా ఉండే బస్తాను వీపు మీదికి ఎత్తుకునే హమాలీకి ఎన్ని బస్తాలు మోశాడో లెక్క ఉంటుంది, ఎన్నిసార్లు వంగాడో ఉండదు. ఒకనాడు నడుము కలుక్కుమంటుంది. ఇంటికొచ్చి గోడ పట్టుకుని నిలబడితే ముసలామె చెప్పే మొదటి మందు ఇది: "ఎదురుకాళ్లతోటి పుట్టినోళ్లు ఎవరన్న ఉన్నరేమో చూడు బిడ్డా, మూడు తాపులు తన్నిచ్చుకో."

తల్లి కడుపులోంచి కాళ్లు ముందుగా బయటికొచ్చిన మనిషి తంతే పట్టు విడుస్తుందన్న నమ్మకం వరంగల్‌దే కాదు, తెలుగు నేలంతటిదీ. నెలలు నిండిన కాన్పుల్లో నూటికి మూడు నాలుగు ఎదురుకాళ్లవే కాబట్టి ప్రతి వాడలోనూ తన్నే మనిషి దొరుకుతారు. మరీ అరుదైతే వైద్యం నడవదు, మరీ మామూలైతే మహిమ ఉండదు. ఈశాన్య స్కాట్లండ్ నమ్మకాల మీద వాల్టర్ గ్రెగర్ 1881లో అచ్చేసిన పుస్తకంలోనూ ఇదే మాట ఉంది: కాళ్లు ముందుగా పుట్టినవాళ్లు రుద్దో తొక్కో నడుము నొప్పి పోగొడతారని. మన అవ్వలూ వాళ్ల అవ్వలూ కూడబలుక్కోలేదు. నడుము నొప్పి మాత్రం రెండుచోట్లా ఒకేలా నడుస్తుంది.

ఉన్నట్టుండి పట్టిన నడుము చాలామందికి ఆరు వారాల లోపు దానంతటదే బాగా నెమ్మదిస్తుంది. నొప్పి భరించలేని రోజునే కదా తన్నేవాళ్ల కోసం వెతికేది! అక్కణ్నుంచి ఎలాగూ తగ్గుముఖమే. ఆ ఘనత కాలికి పోతుంది. తగ్గకపోతే తాపు సరిగా తగల్లేదంటారు, తన్నింది ఆదివారం కాదంటారు. ఈ ఖాతాలో జమ రాస్తారు, ఖర్చు రాయరు.

నాదో చిన్న సందేహం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కడుపు కోసి తీసిన బిడ్డకు కాళ్లు ముందో తల ముందో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఆ కాలికి మహిమ ఉంటుందా? అడిగితే పెద్దవాళ్లు నవ్వుతారు. నవ్వి, తన్నే మనిషి ఇల్లు ఏ గల్లీలో ఉందో మళ్లీ చెబుతారు.

పెరటి వైద్యాన్నంతా ఒకే గాటన కట్టను. వావిలాకు మరిగించిన వేన్నీళ్లు, ఉప్పుమూట కాపడం బిగుసుకున్న కండరానికి హాయినిస్తాయి. ఆ పని వేడిది; మూటలో ఇసుకున్నా అంతే.

మూడు నెలలు దాటిన నొప్పి సంగతి వేరు. నడుము నొప్పుల్లో దాదాపు 90 శాతానికి ఫలానా పూస, ఫలానా నరం అని వేలుపెట్టి చూపే కారణం దొరకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కొత్తవాడలో మగ్గం ముందు వంగి జంపఖానాలు నేసేవారి వెన్ను పక్క కండరాలు గంటల తరబడి ఒంటి బరువును ఆపి అలసిపోతాయి. నొప్పికి భయపడి మంచం పడితే ఇంకా నీరసిస్తాయి, ఆపైన బిందె ఎత్తినా పట్టేస్తాయి. వాటికి కావలసింది నడక, మెల్లగా పెంచుకునే వ్యాయామం.

చదువుకున్నవాళ్ల నమ్మకం వేరే రకం. డిస్క్ జారిందన్న స్కానింగ్ ఫిల్ము సంచిలో పెట్టుకుని ఆస్పత్రులన్నీ తిరుగుతారు. నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో 64 శాతం మంది డిస్కుల్లో ఏదో ఒక తేడా కనిపించింది. ఫిల్ములో కనిపించిందల్లా నొప్పికి మూలం కాదు.

తాపు ఉత్త కాలక్షేపం అనుకోవడానికీ లేదు. ఎముకలు గుల్లబారిన ముసలామెకు తగిలితే పట్టు కాదు, పూసే విరగొచ్చు. జ్వరంతో వచ్చే నొప్పి వెన్ను క్షయ కావచ్చు. కాళ్లు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఎంజీఎం ఆస్పత్రికి పరుగెత్తాలి.

బరువు తగ్గించుకొమ్మని డాక్టర్ హమాలీకి చెబుతాడు. కూలి బస్తాకు ఇంతని కట్టిస్తారు, ఏ బరువు తగ్గించుకుంటాడు? తాపుకు పైసలక్కర్లేదు, నాగా పడక్కర్లేదు. రాత్రి పక్కింటి పిల్లతో మూడు తాపులు తన్నించుకుని, తెల్లారి మళ్లీ లారీ పక్కన వీపు వంచుతాడు.