విషానికి తెలుగుంది, యంత్రానికి లేదు

గురజాల దగ్గర మా ఊళ్ళో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. పోయిన మార్గశిరంలో ఒకనాడు తెల్లవారుజామునే మా బాబాయి మిరప తోటకు మందు కొట్టడానికి తైవాన్ స్ప్రేయరు బయటికి తీశాడు. తాడు లాగాడు. ఇంజను పలకలేదు. మళ్ళీ లాగాడు. ఇరవైసార్లు లాగి, చెమట తుడుచుకుని, "ఒరే అబ్బాయ్, ఇంజనీరింగు చదివావు గదా, ఇదేందో చూడరా" అన్నాడు. పొట్టకూటికి కంప్యూటరు ముందు కూర్చునే నేను గంభీరంగా పెట్టెలోని కాగితం విప్పాను. ఒకవైపు చైనా లిపి, రెండోవైపు ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషైనా ఏ వాక్యానికి ఆ వాక్యం అడ్డంగా పడుకున్నది. నేను దాన్ని విడదీసే లోపల పొద్దెక్కింది, గాలి లేచింది. గాలిలో మందు కొడితే ఆకు మీద కన్నా కొట్టేవాడి మొహం మీదే ఎక్కువ పడుతుంది. ఆ పూట పని పోయింది.

మధ్యాహ్నం పిడుగురాళ్ళలో మెకానిక్కు ప్లగ్గు విప్పి తుడిచాడు. నిరుటి పంట నుంచి ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. రెండోసారి తాడు లాగేసరికి ఇంజను అందుకుంది. "ఇంతేనా?" అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటే ఈ టపాకు కారణం. ఇంతే అయిన దానిని ఆయనకు తెలుగులో ముందుగా ఎవరూ ఎందుకు చెప్పలేదు?

ఒక పూటే గదా అని తేలికగా తీసుకోకండి. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను ఎలా మాడ్చివేసిందో పల్నాటి రైతులు ఇంకా మరచిపోలేదు. విచ్చలవిడిగా మందులు కొట్టమని నేననడం లేదు. కొట్టక తప్పని నాడు, కొట్టవలసిన వేళకు పనిముట్టు పనిచేయాలి గదా అంటున్నాను.

ఇక వింత చూడండి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం మందు డబ్బా మీది చీటీలో హిందీ, ఇంగ్లీషులతోపాటు, అది అమ్ముడయ్యే ప్రాంతపు భాష ఒకటో రెండో ఉండి తీరాలి. కనుక మన డబ్బా మీద తెలుగుంటుంది. చీమ తలకాయంత అక్షరాలతోనైనా ఉంటుంది. ఆ మందును చల్లే యంత్రానికి మాత్రం అటువంటి నిర్బంధం లేదు. 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు పొట్లాం మీది వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలునన్నాయి. ఇతర భాషలు వేసుకుంటే వద్దనలేదు, అంతే. వద్దననంత మాత్రాన వేసే వర్తకుడెవడు?

ఇది లోకరీతి, మనమేం చేయగలం అంటారా? కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి వెళదాం. మంచు మీద నడిచే స్కీ-డూ బండిని 1959లో బజారుకు తెచ్చిన బొంబార్డియే సంస్థ అక్కడి వాల్కూర్ అనే చిన్న ఊరిది. ఆ బండ్లలోనూ తరువాత చాలాకాలం ఎక్కువగా ఉన్నవి మన స్ప్రేయరులోని వంటి రెండు స్ట్రోకుల ఇంజన్లే. చలికి అవీ మొరాయిస్తాయి. అయితే అక్కడ 1977లో ఫ్రెంచి భాషా శాసనం వచ్చింది. వస్తువుతోపాటు ఇచ్చే వాడుక సూచనలు ఫ్రెంచిలో ఉండి తీరాలని అది శాసించింది. మంచులో బండి ఆగిపోయినవాడు తన తల్లిభాషలో కారణం వెతుక్కుంటాడు. ఇంగ్లీషు సముద్రం నడుమ ఉన్న కొద్దిమంది సాధించుకున్నది, కోట్లమందిమి ఉండీ మనం అడగనైనా లేదు.

"తెలుగులో ఇవన్నీ రాయడానికి మాటలేవీ?" అనే పండితులకు జవాబుగా, ఇదిగో రాస్తున్నాను.

ఇంజను పలకనప్పుడు ముందు తాడు వదిలిపెట్టండి. స్విచ్చి వేసి ఉందా, పెట్రోలు కుళాయి తెరిచి ఉందా చూడండి. చల్లటి ఇంజనుకు చోకు మూయాలి, వేడెక్కిన దానికి తెరవాలి. అప్పటికీ పలకకపోతే ప్లగ్గు విప్పండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది. ప్లగ్గు తడిసి ఉంటే లోపల పెట్రోలు ఎక్కువైందన్నమాట. స్విచ్చి ఆపి, కుళాయి కట్టి, చోకు తెరిచి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగితే ఆ పెట్రోలు బయటికి పోతుంది. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదన్నమాట. ట్యాంకులోని జల్లెడ, గొట్టం, కార్బురేటరులోని సన్న రంధ్రం వరుసగా చూడండి. నల్లగా మసి పట్టి ఉంటే ఆయిలు ఎక్కువైందో, గాలి జల్లెడ పూడిందో అయివుంటుంది. రెండు స్ట్రోకుల ఇంజనుకు 25కు 1 పాలు కలపమని చెప్పి ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు, 50కి 1 అని ఉంటే 20. నాలుగు స్ట్రోకుల దానికి పెట్రోలులో ఆయిలు కలపనే కూడదు.

నిప్పురవ్వ వస్తున్నదా లేదా చూడాలంటే, దగ్గరలో ఒలికిన పెట్రోలు లేకుండా చూసుకుని, ప్లగ్గును టోపీకి తగిలించి, దాని ఇనుప ఒంటిని ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి తాడు లాగండి. నీలిరవ్వ కనబడాలి. కనబడకపోతే కొత్త ప్లగ్గు పెట్టి చూడండి. దానికీ రాకపోతే, లేదా తాడు లాగుతున్నప్పుడు ఎదురు బిగువు తగలకపోతే, అప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి. పంట అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలింది అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంచితే నీరు అడుగున చేరి మరుసటి ఏడు ఇంజను మొరాయిస్తుంది.

ఇందులో బాబాయికి తెలియని మాట ఒక్కటి లేదు. ప్లగ్గు, చోకు, కార్బురేటరు ఆయన నోట ఎప్పుడో తెలుగైపోయాయి. వాటిని "స్ఫులింగ జనకం" అని అనువదించి ఆయనను బెదరగొట్టకుండా ఉంటే చాలు.

మెకానిక్కు లేడా అంటారు. ఉన్నాడు. ఆయన పనితనానికి నమస్కారం. కానీ ప్లగ్గు తుడవడానికి పిడుగురాళ్ళ దాకా పోయి రావాలా? వీడియోలు లేవా అంటారు. ఉన్నాయి. మందు అంటిన చేతులతో, చేను గట్టు మీద, సిగ్నలు కోసం వెతుక్కుంటూ పదిహేను నిమిషాల వీడియోలో తనకు కావలసిన అర నిమిషం ఎక్కడుందో ఆయన ఎలా పట్టుకుంటాడు? కాగితమైతే కొట్టం గోడకు అంటించుకుంటాడు.

నా కోరిక ఒక్కటే. వ్యవసాయ యాంత్రీకరణకు 2014-15 నుంచి కేంద్ర పథకం కింద రాయితీలు ఇస్తున్నారు. తెలుగు వాడుక పుస్తకం లేని యంత్రానికి తెలుగు నేల మీద రాయితీ ఇవ్వకూడదు. ఈ ఒక్క షరతు పెడితే, వేయని వర్తకుడే పరుగున వచ్చి అచ్చు వేయిస్తాడు.

అందాకా మనమేం చేద్దాం? 2008లో ప్రాచీన భాష హోదా వచ్చిందని మురిశాం. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారికి దండ వేస్తాం. వాడుకభాష కోసం ఆయన పోరాడింది మనం దాంట్లో కవితలూ కథలూ మాత్రమే రాసుకోవడానికా? పద్యం మీద పది టపాలు రాసే మనం పంపు మీద ఒక్కటి రాయలేదు. నేనూ రాయలేదు. మార్గశిరంలో ఆ ఉదయం సిగ్గుపడ్డాను కనుక ఇప్పుడు రాశాను. నా మాటల్లో సాంకేతికమైన తప్పులుంటే తెలిసినవారు దిద్దండి. మోటారు, ట్రాక్టరు, పత్తి చేల పనిముట్లు, ఏది మీకు తెలిస్తే దాని మీద మీరూ ఒక పేజీ రాయండి. పై రెండు పేరాలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చుతీసి బాబాయికి పంపాను. అది ఇప్పుడు కొట్టం గోడ మీద ఉంది.