స్పార్క్ ఎక్కడ ఆగిపోయింది?



అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలోనూ, చోడవరం, మాడుగుల వైపునూ పాత అంబాసిడర్ కార్లు ఇంకా కొన్ని ఇళ్ల ముందు కనిపిస్తూనే ఉన్నవి. ఒకప్పుడు బెల్లం మార్కెట్టుకు షావుకార్లను మోసిన బండ్లవి. 2005లో 108 అంబులెన్సులు రాకముందు, నొప్పులు పడుతున్న తల్లిని అర్ధరాత్రి విశాఖ కె.జి.హెచ్.కి చేర్చాలంటే చాలా పల్లెలకు అలాంటి అద్దె కారే దిక్కు. ఉత్తరపారా కర్మాగారంలో వాటి తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఇప్పుడు తాతగారి కారు స్టార్టు కావడం లేదని పాత ఇనుము వారికి తూకానికి ఇచ్చివేసే కుటుంబాలున్నవి. ఇంజను చెడిపోయి ఇస్తే బాధ లేదు. బొటనవేలంత కండెన్సరు చెడినందుకు ఇవ్వడమే మాకు కష్టంగా ఉన్నది. కంప్యూటరు పెట్టి కొత్త కార్లు చూసే కుర్ర మెకానిక్కులలో కొందరు ఈ పాయింట్ల బండిని ముట్టుకోవడానికే జంకుతున్నారు. వారిని తప్పు పట్టలేము. కనుక ఇంటివారే కొంత తెలుసుకొని ఉండడం మంచిది.

సెల్ఫ్ కొట్టినా ఇంజను తిరగకపోతే అది బ్యాటరీ సంగతి. మేము చెప్పబోయేది ఇంజను బాగా తిరుగుతూ కూడా అందుకోని బండి గురించి. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టిన తరువాత ఒక ప్లగ్గు విప్పి చూడండి. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తున్నది, నిప్పు రావడం లేదు. పొడిగా ఉంటే కార్బొరేటరు, పెట్రోలు పంపు వైపు వెళ్లండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే కొత్త బ్యాటరీ కొనిపించే వారున్నారు, జాగ్రత్త!

నిప్పు పుట్టే విధానం కష్టమైనది కాదు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఆయన రూపొందించగా 1910 నాటి క్యాడిలాక్ కార్లలో వచ్చిన పద్ధతే ఇది. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటు తాళం గుండా కాయిల్‌లోకి, అక్కడనుండి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు పోతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి, రోటర్ ద్వారా ఒక్కొక్క ప్లగ్గుకు వంతున అందుతవి. ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరిగితే పాయింట్లు ఆరువేలసార్లు, అంటే సెకనుకు నూరుసార్లు తెరుచుకొని మూసుకొంటవి. అంతటి చాకిరీ చేసేవి అరగడంలో ఆశ్చర్యమేమున్నది?

వెదకేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూచుకోండి. విప్పిన ప్లగ్గును తిరిగి బిగించండి. డిస్ట్రిబ్యూటర్ మూత నడుమ నుండి కాయిల్‌కు పోయే లావుపాటి వైరును మూత దగ్గర ఊడదీసి, పొడి చెక్కముక్కల నడుమ పట్టుకొని, దాని కొనను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచి మరొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. ఉత్త చేతితో పట్టుకోవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అసలు దగ్గరకు రావద్దు. చిటచిటమని నీలి నిప్పురవ్వ దూకితే కాయిల్ వరకు అంతా బాగున్నట్టే. తప్పు ఇక మూతలోనో, రోటర్‌లోనో, ప్లగ్గు వైర్లలోనో ఉన్నది. మూత లోపల వెంట్రుకవంటి నల్లని గీత కనబడితే కరెంటు ఆ దారిన పారిపోతున్నదన్నమాట. ఎంత తుడిచినా లాభం లేదు, మూత మార్చవలసిందే. వైర్లు తీసేముందు దేనిది ఏ స్థానమో దారం కట్టి గుర్తు పెట్టుకోండి. పేలే వరుస 1-3-4-2; అది తారుమారైతే మంచి ఇంజను కూడా దగ్గి ఊరుకుంటుంది.

రవ్వ రాకపోతే మూత విప్పండి. పాయింట్లు ఒకదానికొకటి ఆనేవరకు ఇంజనును హ్యాండిలుతో తిప్పి, ఆ తరువాతే తాళం ఆన్ చేసి, పొడి పుల్లతో పాయింట్లను విడదీయండి. చిన్న మినుకు కనబడాలి. ఏమీ కనబడకపోతే వైరు తెగి ఉండవచ్చు, పాయింట్లకు మురికి పట్టి ఉండవచ్చు, లేదా కండెన్సరు లోపల ఎర్త్ అయి ఉండవచ్చు. మినుకు బదులు లావుపాటి మంట వస్తూ, పాయింట్లు మాటిమాటికీ నల్లగా కాలుతుంటే కండెన్సరునే అనుమానించండి. పాయింట్లను సన్నని ఆకురాయితో శుభ్రం చేసి, పూర్తిగా తెరుచుకొన్నప్పుడు వాటి మధ్య 0.4 మిల్లీమీటరు సందు ఉండేలా బిగించాలి. ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటరు. పాత మిస్త్రీలు ఇనుము కోసే రంపం బ్లేడు వీపును అందులో దూర్చి చూసేవారు. దాని మందం ఇంచుమించు అంతే!

మన వైపు వానాకాలంలో సగం గొడవ చెమ్మది. నీటిలోనుండి వచ్చిన బండి ఆగిపోతే మూత లోపలా వెలుపలా, వైర్లనూ పొడిగుడ్డతో తుడవండి చాలు. ఆరాలని మూతను పెట్రోలుతో కడిగి వెంటనే సెల్ఫ్ కొట్టడం ప్రాణాంతకం.

ఎండాకాలం చిక్కు వేరు. అరగంట చక్కగా నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ నడుస్తుంది. అందరూ పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తారు. అది ఒక్కొక్కసారి సరైనదే. కాని ఆగిన వెంటనే, వేడి తగ్గకముందే, పైన చెప్పిన రవ్వ పరీక్ష చేయండి. రవ్వ లేకపోతే వేడికి కాయిల్‌గాని కండెన్సరుగాని చేతులెత్తేస్తున్నది. ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో వదిలేసే అలవాటు ఉంటే మానిపించండి. పాయింట్లు మూసుకొని ఉన్నంతసేపూ కాయిల్ అలా కాగుతూనే ఉంటుంది.

డీజిల్ అంబాసిడర్ గలవారు ఈ పేజీలో తమకేమీ లేదని ఇప్పటికే గ్రహించి ఉంటారు. ఆ ఇంజనులో స్పార్క్ ప్లగ్గూ లేదు, పాయింట్లూ లేవు. చలి ఉదయాన అది మొరాయిస్తే ముందుగా హీటరు ప్లగ్గులు చూపించుకోండి.