తపతి పడమరకు ఎందుకు పారుతున్నది?

సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తపతీనది నిత్యపరిచితం. స్థానికులు దానిని తాపీ అంటారు. సెలవు దినాలలో డుమస్ సముద్రతీరానికి వెళ్ళినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "మన గోదావరి, కృష్ణ తూర్పు సముద్రంలో కలుస్తాయి కదా, ఈ నది పడమటి సముద్రంలో ఎందుకు కలుస్తున్నది?" దీని సమాధానం కోసం భూగర్భంలోనికి తొంగి చూడాలి. ఈ మాసం మనం ఆ పని చేద్దాం.

దక్కను పీఠభూమి స్థూలంగా పడమటి నుండి తూర్పునకు వాలి ఉన్నది. అందువల్లనే అరేబియా సముద్రానికి సుమారు 80 కి.మీ. దూరాన త్ర్యంబకం వద్ద జన్మించిన గోదావరి సైతం 1,465 కి.మీ. ప్రయాణించి బంగాళాఖాతాన్ని చేరుతున్నది. తపతి మాత్రం మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయి వద్ద పుట్టి, 724 కి.మీ. పడమరగా పారి, సూరత్ దాటి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తున్నది. దీనికి ఉత్తరాన నర్మదది కూడా అదే దారి. ఈ రెండు నదులకు ఆ దారి చూపినవి భూమిలోని పగుళ్ళు.

శిల కదలదని, వంగదని మన సామాన్య భావన. భూమి లోతులలో వేడిమి, ఒత్తిడి అధికం. అక్కడ శిలల పొరలు లక్షల సంవత్సరాలపాటు నెట్టుడుకు గురియై మెల్లగా వంగుతాయి. మన సూరత్ బట్టల బజారులో ఒకదానిపై ఒకటి పరచిన చీరలను రెండు వైపుల నుండి లోనికి నెట్టితే ముడుతలు పడవా? శిలల సంగతీ అంతే. పైకి ఉబ్బిన ముడుతను అపనతి అనీ, క్రిందికి కుంగిన దానిని అభినతి అనీ అంటారు. ఉపరితలానికి దగ్గరగా ఉన్న శిల చల్లబడి పెళుసుగా ఉంటుంది కనుక వంగలేక విరుగుతుంది. విరిగిన తలం వెంట ఇరువైపుల శిలలు జరిగితే అది భ్రంశం. రెండు భ్రంశాల నడుమ ఉన్న భాగం కుంగినప్పుడు ఏర్పడేది పగులు లోయ. భ్రంశం వెంట శిల నలిగి బలహీనపడి ఉంటుంది. నీరు దానిని సులభంగా కోసుకొనిపోతుంది. నర్మదా తపతులు అట్టి లోయలలో పారుతుండగా, వాటి నడుమ సాత్పురా పర్వతాలు ఎత్తుగా నిలిచి ఉన్నవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఈ ప్రాంతాన్ని లావా ముంచెత్తి నల్లని బసాల్టు శిలగా గడ్డకట్టినది. నర్మద వెంట ఉన్న పగుళ్ళు ఆ లావాకన్న ప్రాచీనమైనవి.

ఈ కదలికలు మనకు సంపదను కూడా ఇచ్చినవి. ఖంభాత్ ప్రాంతంలో భ్రంశాల నడుమ భూభాగం కుంగి, ఆ పల్లంలో ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా నిండినవి. తరువాతి ఒత్తిడికి అవి ముడుతలు పడినవి. సూరత్‌కు ఉత్తరాన ఉన్న అంకలేశ్వర్ వద్ద 1960లో చమురు లభించినది అట్టి అపనతిలోనే. నీటికన్న తేలికైన చమురు ఇసుకరాతి రంధ్రాల గుండా పైకి ప్రాకి, బోర్లించిన పడవవంటి ముడుత శిఖరాన, పైనున్న బంకరాతి పొరకు అడ్డుపడి నిలిచిపోయినది. మన గోదావరి లోయలోనూ ఇట్టిదే జరిగినది. అక్కడ కుంగిన భూభాగం సింగరేణి బొగ్గును భద్రపరచినది.

అయితే ఇచ్చిన చేయి ఒక్కొక్కసారి మొట్టుతుంది కూడా. పాత పగులు వెంట ఒత్తిడి పేరుకొని హఠాత్తుగా జారితే భూకంపం వస్తుంది. 1969 ఏప్రిల్ 13న గోదావరి లోయలోని భద్రాచలం ప్రాంతం కంపించినది. ఏడాది తిరగకుండానే, 1970 మార్చి 23న, నర్మద ఒడ్డున ఉన్న భరూచ్‌లో వచ్చిన భూకంపం ప్రాణాలను బలిగొన్నది. 1997 మే 22న అదే నర్మదా లోయలోని జబల్పూరు వంతు వచ్చినది. 2001 జనవరి 26న కచ్‌లో సంభవించిన మహాభూకంపానికి, 300 కి.మీ.కు పైగా దూరాన ఉన్న సూరత్‌లో సైతం భవనాలు కూలి ప్రాణనష్టం జరిగినది. నది తెచ్చిన మెత్తని ఒండ్రుమట్టిపై నగరం నిలిచి ఉన్నందున ఇటువంటి కుదుపులు ఇక్కడ మరింత పెరిగే అవకాశం ఉన్నది.

భయపడి ప్రయోజనం లేదు. జాగ్రత్త పడటం అవసరం. మన ఉద్యోగులలో అనేకులు విరామానంతర జీవితం కోసం ఇక్కడనే ఇల్లు కొనుగోలు చేస్తుంటారు. గదుల వైశాల్యం, ధర విచారించేటప్పుడే పునాది క్రింది మట్టిని పరీక్షించారా, భూకంపాన్ని తట్టుకొనే నియమాల ప్రకారం కట్టారా అని కూడా విచారించాలి. వాహనాల కోసం క్రింది అంతస్తును గోడలు లేకుండా కేవలం స్తంభాలపై నిలిపిన కట్టడాలు 2001లో అహమ్మదాబాద్‌లో ఎక్కువగా దెబ్బతిన్నవి. అందుచేత ఆ స్తంభాల బలాన్ని అర్హుడైన ఇంజనీరుచేత చూపించుకొనడం మేలు. ఇంటిలో బరువైన బీరువాలను గోడకు బిగించి ఉంచాలి. కుదుపు మొదలైతే బలమైన బల్ల క్రిందకు చేరి తలను కాపాడుకొనవలెనని పిల్లలకు నేర్పాలి.

ఈసారి తపతి వంతెన దాటేటప్పుడు పిల్లలకు ఈ నది కథ చెప్పండి. ఇల్లు చేరిన తరువాత ఆ బీరువా సంగతి కూడా చూడండి.